గైడు మొదటి పని మీరు రాసింది చదవడం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చెప్పింది ఇదీ: ఎంఏ ఎకనామిక్స్‌లో మీకు పాఠం చెప్పిన సారే ఇప్పుడు మీ పీహెచ్‌డీ గైడు. క్లాసులో ఆయన చెబుతుంటే నోట్సు అక్కర్లేకుండానే బుర్రకెక్కేది. ఇప్పుడు చేరి 8 నెలలైంది. "ఏం చేయమంటారు సార్" అని వెళ్తే "నువ్వే చదువుకుని రా" అంటున్నారు. మీరు రాసిచ్చిన 20 పేజీలు రెండు నెలలుగా ఆయన టేబుల్ మీదే ఉన్నాయి. ఈలోగా ఆయన క్లాసులు మిమ్మల్ని తీసుకోమంటున్నారు, ఇంటర్నల్ పేపర్లు దిద్దమంటున్నారు. లెక్చరర్ పని ఎక్కడిదాకా, గైడు పని ఎక్కణ్నుంచి, నేను ఏది అడగొచ్చు, ఏది అడగకూడదు అన్నారు.

నేనూ ఎకనామిక్స్‌లోనే, ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర 11 మంది పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఇద్దరు మధ్యలో మానేశారు. ఆ ఇద్దరిలో ఒకరి విషయంలో తప్పు నాదే. అది కూడా కింద చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు దానితో సంబంధం ఉంది.

ముందు సూటిగా ఒక మాట. "నువ్వే చదువుకుని రా" అనడంలో మీ సారు తప్పు సగమే. 20 పేజీలు రెండు నెలలు చదవకపోవడంలో మాత్రం తప్పు పూర్తిగా ఆయనదే.

పాఠం చెప్పేవాళ్లకు జవాబు ముందే తెలుసు. డిమాండ్ రేఖ గీయడానికి బోర్డు దగ్గర నిలబడ్డప్పుడు అది ఎటు వాలుతుందో నాకు తెలుసు, ఎదురుగా ఉన్న 40 మందికి తెలియదు. నాకు తెలిసింది వాళ్లకు అందేలా చేయడమే అక్కడ నా పని. వెనక బెంచీలో ఒక అమ్మాయి మొహం ముడుచుకుంటే అదే సంగతిని కూరగాయల మార్కెట్ మీద పెట్టి మళ్లీ చెప్పాలి. సిలబస్ అయిపోవాలి, ప్రశ్నపత్రం న్యాయంగా ఉండాలి, పేపర్లు అందరికీ ఒకే కొలతతో దిద్దాలి. ఇది చిన్న పనేమీ కాదు. మంచి లెక్చరర్లు దొరకడం ఎంత కష్టమో మీకే తెలుసు, మీ సారు గురించి అంత ప్రేమగా రాశారంటే.

గైడు కుర్చీలో కూర్చున్నాక పరిస్థితి వేరు. అక్కడ జవాబు ఇద్దరికీ తెలియదు. తెలిసుంటే ఆ అంశం మీద పీహెచ్‌డీ ఎందుకు? నాకు తెలిసిందల్లా తెలియని సంగతి దగ్గరికి ఎలా వెళ్లాలి, ఎక్కడ కాలు జారుతుంది, ఎప్పుడు వెనక్కి రావాలి అన్నది మాత్రమే. అందుకే క్లాసులో దేవుడిలా కనిపించిన సారు గైడయ్యాక ఒక్కోసారి ఏమీ తెలియనివాడిలా కనిపిస్తాడు. మీకు మోసపోయినట్టు అనిపించి ఉంటుంది. నిజానికి అక్కడ మారాల్సింది ఇద్దరూ. ఆయన జవాబులు చెప్పే అలవాటు మానుకోవాలి, మీరు జవాబుల కోసం ఎదురుచూసే అలవాటు మానుకోవాలి. 17 ఏళ్లపాటు మీకు మంచి మార్కులు తెచ్చిపెట్టిన అలవాటే ఇప్పుడు మీకు అడ్డం పడుతోంది. "ఏం చేయమంటారు సార్" అన్న ప్రశ్నకు గైడు దగ్గర నిజంగానే జవాబు ఉండదు. "ఈ రెండు వ్యాసాల్లో కౌలు లెక్క వేరువేరుగా వేశారు, నాకు రెండోది సరైనదనిపిస్తోంది, మీరేమంటారు" అని అడిగితే ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

అలాగని ఆయన చెప్పిన తీరు బాగుందని అనను. "చదువుకుని రా" అనేది గైడింగ్ కాదు. ఏది చదవాలి, ఎందుకు చదవాలి, చదివి ఏం తేవాలి అన్నది చెప్పాలి. "ఈ మూడు వ్యాసాలు చదువు, ఒకదానితో ఒకటి ఎక్కడ పడలేదో ఒక పేజీ రాసుకుని శుక్రవారం రా" అంటే ఎనిమిది నెలల స్కాలర్‌కి కాలు పెట్టడానికి చోటు దొరుకుతుంది. మొదటి ఏడాది చెయ్యి కొంచెం గట్టిగా పట్టుకోవాలి. మూడో ఏడాదికి వదిలేయాలి. చాలామంది గైడులు దీన్ని తిరగేసి చేస్తారు. మొదట్లో పట్టించుకోరు, చివర్లో థీసిస్ సబ్మిట్ చేసే ముందు హడావిడిగా ప్రతి వాక్యం మార్చమంటారు.

ఇప్పుడు గైడు అసలు పనేంటో ఒక ఉదాహరణతో చెబుతాను.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆ కార్డు చేతిలో ఉన్నవాళ్లకు బ్యాంకు అప్పు ఏమాత్రం దొరికింది అన్నది నా స్కాలర్ ఒకబ్బాయి అంశం. కృష్ణా డెల్టాలో పల్లెలు ఎంచుకున్నాం. అబ్బాయి పట్నంలో పుట్టి పెరిగినవాడు, తండ్రి ఉద్యోగి, లెక్కల్లో చురుకు. 120 కుటుంబాల షెడ్యూళ్లు, అంటే ప్రశ్నల ఫారాలు, నింపుకొచ్చి, పట్టికలు వేసి, అధ్యాయం రాసిచ్చాడు. ఒక పట్టికలో బ్యాంకు పంట రుణం వడ్డీ 7 శాతం, ప్రైవేటు అప్పు సగటు వడ్డీ 2.3 శాతం అని ఉంది. దాని కింద పేరాలో, ప్రైవేటు అప్పు చౌక కాబట్టే రైతులు అటు మొగ్గుతున్నారని తీర్మానం కూడా రాసేశాడు. భాష బాగుంది, కూడికలు బాగున్నాయి, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా తప్పు లేదు.

పల్లెలో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. ఆ అబ్బాయి దాన్ని ఏడాదికి 2 శాతంగా రాసుకున్నాడు. 120 ఇళ్లలోనూ అలాగే రాసుకున్నాడు. పుట్టినప్పటినుంచి ప్రామిసరీ నోట్లు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు ఆ పట్టిక మీద కన్ను పడగానే గుండె ఝల్లుమంది. ఇంకో మూడు నెలలు ఆ పేజీలు చదవకుండా ఉంటే ఆ పట్టిక మీద మరో రెండు అధ్యాయాలు కట్టేసేవాడు.

సరే, వడ్డీని 12తో గుణిస్తే సరిపోతుంది కదా అన్నాడు. నేను షెడ్యూళ్లు తెమ్మన్నాను. ఒక్కొక్కటి తిరగేస్తుంటే ఇంకోటి కనిపించింది. ఒక ఊళ్లో ఇరవై మందికి ఇరవై మందీ అప్పు 50 వేలు, లక్ష, లక్షన్నర, అన్నీ చివర సున్నాలున్న గుండ్రటి అంకెలే. ఎక్కడ కూర్చుని అడిగావు అన్నాను. రచ్చబండ దగ్గర మేడం, అందరూ ఒకేచోట దొరికారు, ఎరువుల కొట్టాయన కుర్చీలు కూడా వేయించాడు అన్నాడు. ఆ ఊళ్లో సగం మంది అప్పు ఆ ఎరువుల కొట్టులోనే ఉంది. ఆయన పక్కన కూర్చుని ఉండగా ఏ రైతు చెబుతాడు, ఎవరికెంత బాకీ ఉన్నానో?

తరవాతి వారం ఇద్దరం కలిసి వెళ్లాం. పొద్దుపోయాక, పనులయ్యాక, ఒక్కో ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మొదటి ఇంట్లో ఆయన చెప్పిన లెక్క అయిపోయాక లోపల్నుంచి ఆవిడ అంది, "నా గాజులు పెట్టింది చెప్పవేం?" అని. బంగారం తాకట్టు అప్పు ఆవిడ పేరు మీద ఉంది, డ్వాక్రా సంఘం నుంచి తెచ్చింది కూడా ఆవిడ పేరు మీదే ఉంది, ఆ రెండూ పొలంలోనే పోశారు. భర్తను అడిగిన షెడ్యూల్లో ఒక్క రూపాయి కూడా రాలేదు. పదిహేనేళ్లుగా క్లాసులో గ్రామీణ పరపతి పాఠం చెబుతున్నాను, సంస్థాగత రుణం (బ్యాంకుల్లాంటివి ఇచ్చేది), సంస్థేతర రుణం (వడ్డీ వ్యాపారుల్లాంటివాళ్లు ఇచ్చేది) అని బోర్డు మీద రెండు గడులు గీసి. కౌలు రైతు అప్పులో ఇంత భాగం భార్య పేరు మీద ఉంటుందని నేనూ అనుకోలేదు. ఆ రాత్రి బస్సులో తిరిగొస్తూ షెడ్యూల్‌కి కొత్త పేజీ కలిపాం. 40 ఇళ్లు మళ్లీ తిరిగాడు. అతని థీసిస్‌లో పరీక్షకులు మెచ్చుకున్నది సరిగ్గా ఆ అధ్యాయాన్నే.

ఇందులో నేను చేసిన పనేంటో చూడండి. అంశం నేనివ్వలేదు, రాసి పెట్టలేదు, లెక్క చేయలేదు. అతను తెచ్చిన కాగితాలను కలం పట్టుకుని చదివాను, అనుమానం వచ్చినచోట ఆగాను, అడిగాను, ఒకరోజు వెంట వెళ్లాను. గైడు చేయగలిగిన సహాయంలో నూటికి తొంభై పాళ్లు ఇదే అని నా నమ్మకం. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ దీన్ని చేయదు. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 10 దాటి 40 శాతం దాకా ఉంటే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అందుకని స్కాలర్లూ గైడులూ ఆ శాతం చుట్టూనే తిరుగుతారు. రెండు రూపాయల వడ్డీ తప్పుకి ఆ యంత్రం సున్నా శాతం చూపించి పంపేస్తుంది.

మరి చదవడానికి గైడులకు ఏం రోగం అంటారా? కొంత బద్ధకం ఉంది, దాచను. కొంత మన పని తీరులోనే ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం టీచర్ వారానికి 40 గంటలు పనిచేయాలి. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్ 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరూ ప్రొఫెసరూ 14 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. ఆ గంటలు గోడ మీద టైంటేబుల్లో ఉంటాయి. బెల్లు కొడతారు, పిల్లలు ఎదురుచూస్తుంటారు, వెళ్లకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) అడుగుతారు. స్కాలర్ పేజీలు చదివే గంటకు మా డిపార్ట్‌మెంట్ టైంటేబుల్లో ఎన్నడూ గడి లేదు. బెల్లు లేని పని వాయిదా పడుతుంది. నాణ్యత చూసి గుర్తింపునిచ్చే నాక్ బృందం వస్తోందంటే ముందు పక్కకు పోయేది అదే.

దీనికి పాత మూలం కూడా ఉందని నాకనిపిస్తుంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని పని పరీక్షలు పెట్టి డిగ్రీలివ్వడం. పాఠాలు కాలేజీల్లో. విశ్వవిద్యాలయాలు సొంతంగా ప్రొఫెసర్లను వేసుకుని పరిశోధన చేయించొచ్చన్నది 1904 చట్టంతో వచ్చింది. అంటే మన దగ్గర సిలబస్, పరీక్ష ముందు పుట్టాయి, పరిశోధన తర్వాత వచ్చి చేరింది. ఆ వరస మన బుర్రల్లో ఇంకా ఉంది. అయితే మన దగ్గర అది కుదరనిదేమీ కాదు. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1930లలోనే వాల్తేరులో రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి, భౌతికశాస్త్రంలో రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం పాఠాలు చెబుతూనే పరిశోధక బృందాలు తయారు చేశారు.

ఇక నా తప్పు. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వచ్చిందొకావిడ. నాకన్నా నాలుగైదేళ్లు చిన్న. సంక్రాంతి సెలవులకు ముందు మొదటి అధ్యాయం తెచ్చిచ్చింది. ఆ ఏడు నేను హెచ్‌ఓడీని. నాలుగు నెలలు ఆ కాగితాలు నా బీరువా మీద ఉన్నాయి. నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ గుమ్మం దగ్గరే నిలబడి "మేడం, బిజీగా ఉన్నారా" అనేది. నేను "వచ్చే వారం అమ్మా" అనేదాన్ని. ఐదోసారి రాలేదు. నేనూ పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి రెన్యూవల్ ఫీజు కట్టలేదని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కనిపించింది. ఎందుకు మానేశావమ్మా అంటే, "నేను రాసింది బాలేదని మొహం మీద చెప్పలేక మీరు వాయిదా వేస్తున్నారనుకున్నాను మేడం" అంది. నేను ఒక్క పేజీ కూడా చదవలేదని ఆవిడకు తెలియదు. ఆరోజు నుంచి, 15 పేజీలిస్తే పది రోజుల్లో చదివి ఇవ్వడం, కుదరకపోతే నేనే ఫోన్ చేసి చెప్పడం అని పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా తప్పలేదు.

మీకు ఇదెందుకు చెప్పానంటే, మీ 20 పేజీల మౌనాన్ని మీరు తీర్పుగా తీసుకోకండి. చాలావరకు ఆయన ఇంకా తెరిచే ఉండరు.

క్లాసుల సంగతికి వద్దాం. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. స్కాలర్లందరికీ తమ సబ్జెక్టును బోధించడంలో, రాయడంలో శిక్షణ ఇవ్వాలి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియళ్లు, ల్యాబ్ పనులు, మూల్యాంకనం అప్పగించవచ్చు. కాబట్టి కొన్ని ఇంటర్నల్ పేపర్లు దిద్దమంటే అది అన్యాయం కాదు, రేపు మీరు ఉద్యోగానికి వెళ్లినప్పుడు పనికొస్తుంది. కానీ ఆయన చెప్పాల్సిన సబ్జెక్టు మొత్తం మీ నెత్తిన పెట్టడం దానికిందకు రాదు. నా సలహా ఏమిటంటే, కాదనకుండా ఒక యూనిట్ మీరు ఎంచుకోండి. "ఈ యూనిట్ నేను చెబుతాను సార్, మొదటి రెండు క్లాసులు మీరు వెనక కూర్చుని చూసి చెప్పండి" అనండి. పాఠం చెప్పడంలో ఆయన గొప్పవారని మీరే అన్నారు కదా, ఆ విద్య ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే. పైగా అలా అడిగితే ఎక్కడిదాకా అన్న హద్దు మాటల్లో లేకుండానే పడుతుంది.

ఇంటి పనులు వేరే సంగతి. గ్యాస్ బుక్ చేయడం, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం, గైడు గారి ఊరి పొలం తగాదాకు తోడెళ్లడం, ఇవన్నీ మన యూనివర్సిటీల్లో జరుగుతున్నాయని అందరికీ తెలుసు. మీరు రాయలేదు కాబట్టి మీకు ఆ బాధ లేదనుకుంటాను. ఎవరికైనా ఉంటే, గురుభక్తి పేరుతో భరించాల్సిన అవసరం లేదు. మంచినీళ్లు తెచ్చివ్వడం మర్యాద. కారు కడగడం మర్యాద కాదు. అమ్మాయిలు ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చర్చలు డిపార్ట్‌మెంట్‌లో, పనివేళల్లో, తలుపు తెరిచి ఉండగా జరగాలి. ఇబ్బంది ఏమాత్రం ఉన్నా, గైడుతో సంబంధం చెడుతుందేమో అని ఆగకుండా యూనివర్సిటీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లండి.

పత్రికల్లో వేసే పరిశోధన పేపర్ల మీద పేరు గురించి మీరు అడగలేదు గానీ రేపో ఎల్లుండో ఆ ప్రశ్న వస్తుంది. పని మీది, ఆలోచనను మలచడంలో, రాతను దిద్దడంలో ఆయన చెయ్యి ఉంటే ఇద్దరి పేర్లూ ఉండాలి, మొదటి పేరు మీది. చదవకుండానే పేరు పెట్టమంటే అది తప్పు. ఇదివరకటి 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు ఒక పేపర్ అచ్చయి ఉండాలని, రెండు సెమినార్లలో సమర్పించాలని ఉండేది. దాంతో డబ్బు కడితే వారంలో అచ్చు వేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. 2022 నిబంధనల్లో ఆ తప్పనిసరి తీసేశారు. మీ యూనివర్సిటీ తన సొంత నిబంధనల్లో ఇంకా అడుగుతోందేమో కనుక్కోండి. అడిగినా సరే, డబ్బు కట్టే పత్రికల జోలికి మాత్రం పోవద్దు.

మీ వైపు ఉన్న బలాలు కూడా తెలుసుకోండి. ప్రతి స్కాలర్‌కీ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలి, ఆర్‌ఏసీ అంటారు. సెమిస్టర్‌కి ఒకసారి మీరు దాని ముందుకు వెళ్లి ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. పని బాగా లేకపోతే కమిటీ కారణాలు రాసి, ఎలా సరిచేసుకోవాలో సూచించాలి. స్కాలర్లు దాన్ని తమకు పెట్టే పరీక్షలా భయపడతారు. అది గైడుకీ పరీక్షే. "ఫలానా తేదీన మొదటి అధ్యాయం ఇచ్చాను, సారు సూచనలు రావాల్సి ఉంది" అని మీ ప్రోగ్రెస్ రిపోర్టులో మామూలుగా, నిందలేకుండా ఒక్క వాక్యం రాయండి. ఆ కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి కాబట్టి పేజీలు ముందురోజు రాత్రే చదువుతారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

కాలం లెక్క కూడా ముఖ్యం. పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో (మొదట్లో చదవాల్సిన క్లాసులతో) కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆ పైన రీరిజిస్ట్రేషన్‌తో 2 ఏళ్ల దాకా. మహిళలకూ 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికీ మరో 2 ఏళ్ల సడలింపు ఉంది. ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు మొత్తం 240 రోజుల దాకా తీసుకోవచ్చు. పెళ్లయి ఊరు మారాల్సి వస్తే పరిశోధన సమాచారంతో సహా వేరే విశ్వవిద్యాలయానికి మారే దారి కూడా ఆ నిబంధనల్లో ఉంది, కొన్ని షరతులతో. ఇన్నేళ్లున్నాయి కదా అని ఊరుకోకండి. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ డబ్బు వస్తున్నా అది ఐదేళ్లతో ఆగిపోతుంది, ఆరో ఏడాది ఇంటద్దె ఎవరిస్తారు?

మీ సారు ఎప్పుడు రిటైరవుతారో తెలుసుకున్నారా? సిగ్గుపడే ప్రశ్న కాదది. మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఇప్పటికే ఉన్నవాళ్లకు రిటైరయ్యాక కో-సూపర్‌వైజర్‌గా ఉండొచ్చు, 70 ఏళ్లు వచ్చేదాకా. ఆయన కింద ఎంతమంది ఉన్నారో కూడా చూడండి. ఒకేసారి ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4, అంతకు మించకూడదు. మన రాష్ట్రాల్లో ఇక్కడే చిక్కు వచ్చింది. రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడంతో పాఠాల బరువు చాలావరకు కాంట్రాక్ట్, గెస్ట్ లెక్చరర్ల మీద పడింది. వాళ్లలో చాలామందికి పీహెచ్‌డీ ఉంది, మంచి పేపర్లున్నాయి, కానీ గైడుగా ఉండాలంటే పర్మినెంట్ అయి ఉండాలి. దాంతో పాఠాలు చెప్పేది ఒకరు, గైడు సీటు నింపేది మిగిలిన నలుగురైదుగురు. ఇది వ్యవస్థ తప్పు, దీనికి మీ సారును నిందించి లాభం లేదు. ఆయన కింద ఎనిమిది మంది ఉంటే మీకు ఆయన సమయంలో దక్కేది ఎనిమిదో వంతు, దానికి తగ్గట్టు మీరు సిద్ధమై వెళ్లాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో అలాంటి గెస్ట్ లెక్చరర్ ఎవరైనా చదివే మనిషి ఉంటే వాళ్లతో స్నేహం చేసుకోండి. నా స్కాలర్లలో ముగ్గురు తమ గణాంకాల అధ్యాయం అలాంటి ఒకాయన దగ్గరే నేర్చుకున్నారు. ముందుమాటలో ఆయనకు కృతజ్ఞత రాశారు, నాకు సంతోషమే అయింది.

గైడును మార్చుకోవడం గురించి మీరు చివర్లో ఒక ముక్క రాసి కొట్టేసినట్టున్నారు. దారి ఉంది, సాధారణంగా హెచ్‌ఓడీ ద్వారా డిపార్ట్‌మెంట్ రీసెర్చ్ కమిటీకి వెళ్తుంది, కొత్త గైడు ఒప్పుకోవాలి, పాత గైడు అభ్యంతరం లేదనాలి. వేధింపు ఉంటే ఒక్కరోజు ఆలోచించకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మాత్రం ఇప్పుడే వద్దు. ఎనిమిది నెలలకే మారితే కొత్తవాళ్ల దగ్గర మళ్లీ మొదటినుంచి నమ్మకం తెచ్చుకోవాలి. ముందు ఒక సెమిస్టర్ ఈ కింద చెప్పినట్టు చేసి చూడండి.

రేపు ఆ 20 పేజీల గురించి గుర్తు చేయకండి. అందులోంచి రెండంటే రెండే పేజీలు, మీకు అన్నిటికన్నా అనుమానం ఉన్నవి, విడిగా ప్రింటు తీయండి. పైన ఒక్క ప్రశ్న చేత్తో రాయండి, అవునో కాదో, ఇదా అదా అని తేల్చగలిగే ప్రశ్న. ఆయనకు క్లాసు లేని గంట ఏదో టైంటేబుల్‌లో చూసుకుని వెళ్లి, "సార్, పది నిమిషాలు" అని ఎదురుగా కూర్చోండి. ఇచ్చేసి వెనక్కి రాకండి. రెండు పేజీలు ఎవరైనా అక్కడికక్కడే చదువుతారు. చదువుతున్నప్పుడు ఆయన కలం ఎక్కడ ఆగిందో చూడండి, ఏమన్నా అన్నా అనకపోయినా ఆ చోటు గుర్తు పెట్టుకోండి. వచ్చాక ఆ సాయంత్రమే "ఈరోజు మీరు ఈ మూడు చెప్పారు, వచ్చే బుధవారానికి ఇది తెస్తాను" అని నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా పర్వాలేదు. పదిహేను రోజులకోసారి ఇలా జరిగితే సెమిస్టర్‌లో ఆ 20 పేజీలు ఆయన కళ్ల ముందునుంచి వెళ్లిపోతాయి, మీ చేతిలో పన్నెండు మెయిళ్లు ఉంటాయి. ఆర్‌ఏసీ ముందు అవే మీ లెక్కపుస్తకం.

మీ అంశమేంటో మీరు రాయలేదు. రాస్తే, ఆయన చదివేలోగా ఆ రెండు పేజీలు నేనూ చూస్తాను. ప్రింటు తీసుకుని చదువుతాను కాబట్టి లైన్ల మధ్య ఎడం ఎక్కువ ఉంచి, కుడిపక్క రెండంగుళాలు ఖాళీ వదిలి పంపండి.